ఉమ్ నెస్మా మెచ్చిన సీరియల్

మా బిల్డింగులో పన్నెండు కాపురాలు. ఏ సీరియల్ చూడాలి, ఏ సినిమాని తిట్టాలి అన్నది తేల్చేది మూడో అంతస్తు ఉమ్ నెస్మా. పేపర్లలో రాసేవాళ్ళని మేం లెక్కపెట్టం. రంజాన్ మొదలైన రెండో రోజు మెట్ల మీద ఎవరెదురైనా ముందు అడిగేది ఒకటే, "ఉమ్ నెస్మా ఏమంది?" అని. ఆమె చెత్త అన్నదాన్ని చూసేవాళ్ళు ఉండేవాళ్ళు కానీ, తలుపు వేసుకుని చూసేవాళ్ళు.

ఆమె అసలు పేరు ఇన్సాఫ్; ఉమ్ నెస్మా అంటే నెస్మా వాళ్ళమ్మ అని. మా ఊరు మహల్లాలో నేత మిల్లులో ఇరవై ఆరేళ్ళు చేసింది. ఆ మోతకి కుడి చెవి పోయింది. అందుకని టీవీ ఎంత గట్టిగా పెట్టేదంటే, కింది అంతస్తులో కుట్టుమిషను ముందు కూర్చున్న నాకు ఒక్క మాట పొల్లు పోయేది కాదు. ఇరవై ఏళ్ళు ఆమె సీరియళ్ళు చూసింది, నేను విన్నాను. ఏడుస్తున్నది ఎవరో తెలుసుకోవాలనిపించినప్పుడు కత్తెర పక్కన పెట్టి పైకి వెళ్ళేదాన్ని.

ఆమె అభిప్రాయాలకి ఒక పద్ధతి ఉండేది. కథ ఎలా ఉందన్నది ఆమెకి పట్టేది కాదు, మనిషి పని చేస్తున్నట్టుందా లేదా అన్నదే చూసేది. ఒకసారి మిల్లు సీరియల్ ఒకటి వచ్చింది. హీరో, హీరోయిన్ మగ్గాల మధ్య నిలబడి గుసగుసలాడుకుంటున్నారు. ఉమ్ నెస్మా కాలి చెప్పు ఊడదీసి తెర వైపు ఎత్తింది, నాతో అంది.

"ఒసేయ్ అఫాఫ్, మగ్గాల మధ్య గుసగుసలంటే! ఇరవై ఆరేళ్ళు నేను పక్కదాన్ని చిటికెడు ఉప్పు అడగాలన్నా చేతులు ఊపి చావాల్సొచ్చింది. వీళ్ళకేమో సరసాలు వినపడుతున్నాయి!"

పల్లెటూరి కథల్లో పిండి పిసికే ఆడవాళ్ళ చేతులు చూసేది. "అది పిండి పిసకడం కాదు, పిల్లిని నిమరడం" అనేది. ఆకలితో మాడిపోయే పేదరాలి గోళ్ళకి రంగుంటే ఇక ఆ సీరియల్ పని అయిపోయినట్టే. తాగుబోతు వేషం వేసిన వాడు గ్లాసు ఎత్తి గటగటా తాగి మొహం చిట్లించకపోతే, "టీ తాగుతున్నాడు వెధవ, అందులో పంచదార కూడా ఉంది" అనేది. సిరియా మాటలు అతికించిన తుర్కీ సీరియళ్ళ మగవాళ్ళు అందగాళ్ళని ఒప్పుకునేది. "ఆ అందం పెట్టుకుని రోజంతా కిటికీలోంచి చూస్తుంటారు, ఒక్కడికీ ఉద్యోగం లేదు" అని మళ్ళీ తీసిపారేసేది. బయటి దేశాల సినిమాలైతే అసలు చూడలేకపోయేది. "అన్నం ముందు పెట్టుకుని పోట్లాడుకుని లేచిపోతారు. ఇంతవరకు ఒక్కడు కడుపునిండా తినగా నేను చూళ్ళేదు. ఆ ప్లేట్లు ఎవరు ఎత్తుతారు?"

అన్నిటికంటే ఆమెకి ఒళ్ళు మండేది ఇంకొకటి. గుంపులో నిలబడే మనుషులు, వాళ్ళని మా దగ్గర కొంబార్స్ అంటారు, వాళ్ళలో ఎవరైనా కెమెరా వంక చూస్తే ఆమె సహించేది కాదు. పెళ్ళి జరుగుతుంటుంది, అందరూ చప్పట్లు కొడుతుంటారు, వెనక ఎవడో ఒకడు మన కళ్ళలోకి చూస్తాడు. అంతే. "చూశాడు! చూశాడు! అడుగో గాడిద!" అని అరిచేది. అప్పటిదాకా అది పెళ్ళి, ఆ చూపుతో అది షూటింగ్ అయిపోతుందని ఆమె బాధ. బిల్డింగులో పిల్లాజెల్లా అందరికీ ఆ అలవాటు అంటించింది. ఇప్పటికీ మా వాళ్ళు కథ చూడరు, గాడిదల్ని పట్టుకుంటారు.

ఈ మాటే ఆమె ఇంటిని కూల్చింది.

నెస్మా ఒక్కతే కూతురు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. పిల్ల డిగ్రీ చదివింది, సన్నగా పొడుగ్గా ఉండేది, నవ్వితే చిగుళ్ళు కనిపిస్తాయని చెయ్యి అడ్డం పెట్టుకునేది. కంప్యూటరు కోర్సని చెప్పి వారానికి రెండుసార్లు కైరో వెళ్ళేది. ఆ కోర్సు కొంబార్స్ గుంపులో నిలబడడమని మాకెవరికీ తెలియదు. ఒక ఏడు రంజాన్‌లో ఒకరోజు, "అమ్మా, ఇవాళ్టి ఎపిసోడ్ తప్పకుండా చూడాలి, అందర్నీ పిలుచుకో" అంది. మేం ఎనిమిది మందిమి పోగయ్యాం. నెస్మా తల్లి పక్కనే నేల మీద కూర్చుంది, ఆమె మోకాలికి ఆనుకుని.

తెర మీద ఏదో హోటలు. హీరో ఎవరితోనో పోట్లాడుతున్నాడు. వెనక ఒక పిల్ల ట్రే పట్టుకుని వెళుతూ వెళుతూ ఆగింది, తలెత్తి సూటిగా మా వంక చూసింది. చూసి, కొంచెం నవ్వింది కూడా.

"చూసింది! అదుగో గాడిద!" అని ఉమ్ నెస్మా అరిచింది. మేమందరం నవ్వాం. నవ్వు సగంలో ఉండగా ఆ పిల్ల ఎవరో మాకు తెలిసింది.

అక్కడ ఆగిపోయినా బాగుండేది. కానీ ఎనిమిది మంది ముందు అన్న మాటని వెనక్కి తీసుకునే మనిషి కాదామె. భయం కూడా వేసి ఉంటుంది, తండ్రి లేని పిల్ల, సినిమా వాళ్ళ మధ్య. ఆ భయం కోపంగా బయటికొచ్చింది.

"నేను నీ వంకే చూశానమ్మా," అంది నెస్మా. "నువ్వు చూస్తుంటావని తెలుసు కదా, అందుకని చూశా."

"చూసి ఏం ఉద్ధరించావే? సీనంతా తగలేశావు. గుంపులో నిలబడడానికేనా నిన్ను డిగ్రీ చదివించింది? నిలబడడం కూడా చేతకాలేదు నీకు. నీకు రాని పని ఎందుకే?"

పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వినప్పుడు పెట్టుకున్నట్టే. మేమందరం కహ్క్ బిస్కెట్ల గురించో ఎండల గురించో మాట్లాడుతూ లేచొచ్చేశాం. పండగ వెళ్ళాక, శీతాకాలం మొదట్లో, నెస్మా ఒక పొద్దున తలుపు చేరవేసి వెళ్ళింది. వంటింట్లో ఉన్న తల్లి రొట్టెలకి వెళ్ళిందనుకుంది. నెల తర్వాత తల్లి సెల్‌ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది. బతికే ఉన్నానని, వెతకొద్దని. ఆ నంబరు ఆ తర్వాత ఎప్పుడు కొట్టినా పనిచేయలేదు.

వెళ్ళిన రోజున ఆ పిల్ల వేసుకున్నది నేను కుట్టిన కోటు. మిల్లు దుకాణంలో తీసుకున్న ముదురు ఊదారంగు ఉన్ని గుడ్డ. గుడ్డ చాలకపోతే కాలరు రెండు ముక్కలు కలిపి కుట్టాను, అతుకు కుడివైపుకి వచ్చింది. ఆ గుడ్డ సంగతి మహల్లాలో అందరికీ తెలుసు. ఒక్కసారి తడిపితే రంగు సగం పోతుంది. మూడుసార్లు తడిపితే బూడిదరంగు. "ఉతక్కు, దులిపి వేసుకో" అని చెప్పి మరీ ఇచ్చాను.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఉమ్ నెస్మా అభిప్రాయాలు విన్నవాళ్ళకి ఆమెకి పిచ్చి పట్టిందనిపించేది. మంచి కథలన్నీ ఆమెకి చెత్త అయిపోయాయి. "రెండే గదులు, నలుగురే మనుషులు. ఇదీ ఒక సీరియలేనా? వీళ్ళకి చుట్టాలు లేరా, వీధి లేదా?" అనేది. దేశమంతా కళ్ళనీళ్ళు పెట్టుకున్న ముసలి దంపతుల సినిమాని పది నిమిషాలు చూసి కట్టేసింది. దాంట్లో ఇద్దరే ఉన్నారట. అదే, ఎవరూ చూడని ఒక దిక్కుమాలిన సీరియల్లో ప్రతి ఎపిసోడ్‌కీ ఒక పెళ్ళో చావో సంతో ఉండేది. దాన్ని నెత్తిన పెట్టుకుంది. "బ్రహ్మాండం. ఆసుపత్రి వరండాలో ఎంతమందిని పెట్టాడో చూడు, చెయ్యి తిరిగిన డైరెక్టరు" అనేది.

కుర్చీ టీవీకి మూరెడు దూరానికి జరిగింది. హీరోయిన్ మధ్యలో నిలబడి గుండెలు బాదుకుంటుంటే ఉమ్ నెస్మా కళ్ళు తెర అంచుల్లో తిరిగేవి. ఎవడైనా కెమెరా వంక చూస్తే మేం అలవాటుకొద్దీ "గాడిద!" అనబోయి నాలుక కరుచుకునేవాళ్ళం. ఆమె మాత్రం ఆ గాడిదని కూడా చివరిదాకా చూసేది.

నాలుగో అంతస్తు ఉమ్ హానీ జాలిపడి ఒకసారి ఆమెని "సిత్ ఇన్సాఫ్", అంటే ఇన్సాఫ్ గారూ, అని పిలిచింది, పిల్ల పేరు ఎత్తి గుర్తుచేయడం ఎందుకని. ఉమ్ నెస్మా మెట్ల మీదే నిలదీసింది.

"నా పేరు ఉమ్ నెస్మా. నా కూతురు చచ్చిందని నీతో ఎవరైనా చెప్పారా?"

"లేదక్కా, ఊరికే..."

"అయితే ఊరికే నోరు మూసుకో."

ఆ నాలుగో ఏడు రంజాన్ నడి వేసవిలో వచ్చింది. పొద్దున్నించీ ఉపవాసం, ఉక్క, సాయంత్రం అన్నం తిన్నాక టీవీ. మా సీరియళ్ళ సంగతి మీకు తెలిసే ఉంటుంది. రంజాన్ మొదటి రోజుకి ముప్ఫై ఎపిసోడ్లూ ఎవరి దగ్గరా తయారుగా ఉండవు. మొదటివి మేం చూస్తుంటే చివరివి ఇంకా తీస్తుంటారు. ఒక్కోసారి పొద్దున తీసింది సాయంత్రం వచ్చేస్తుంది. ఉమ్ నెస్మాకి ఇది కంఠతా వచ్చు. పదో ఎపిసోడ్ దాటాక తెరమీద కనిపించిన మనిషి ఇప్పుడు, ఈ వారంలో ప్రాణాలతో ఉన్నట్టే అని ఆమె లెక్క.

పంతొమ్మిదో రోజు. ఒక తలాతోకా లేని సీరియల్, ఆమె మొదటి రోజునే చెత్త అని కొట్టిపారేసింది. అయినా చూస్తోంది, ఎందుకంటే కథలో రైల్వే స్టేషను ఉంది. నేను కింద గుండీలు కుడుతున్నాను. పైన ఒక్కసారి టీవీ కంటే పెద్ద కేక. సూది గుచ్చుకుంది. పరుగెత్తాను.

"నా పిల్ల! అఫాఫ్! నా పిల్ల, నీ కోటు!"

రాత్రి మళ్ళీ వేసినప్పుడు నేనూ చూశాను. స్టేషన్లో జనం రైలు దిగుతున్నారు. ఎడమవైపు స్తంభం పక్కన నెస్మా, భుజాన సంచీ, తల కొంచెం వంచుకుని. కాలరు మీద నా అతుకు, కుడివైపు. రెండు సెకన్లు, అంతే.

ఉమ్ నెస్మా టీవీ మీద చెయ్యి పెట్టి ఏడుస్తోంది, నవ్వుతోంది. "ఈ వారందే! పంతొమ్మిదో ఎపిసోడ్! ఈ వారం తీసిందే! సన్నబడలేదు చూశావా? సన్నబడలేదు కదా?"

నేను కుట్టుపనిదాన్ని. మొహం కంటే ముందు గుడ్డ చూస్తాను. ఆ కోటు ముదురు ఊదా. నిన్న కత్తిరించినట్టుంది. నాలుగేళ్ళు తిరిగిన గుడ్డకి ఆ రంగు ఉండదు, ఉండడానికి వీల్లేదు. పైగా నడి వేసవిలో ఎవరు వేసుకుంటారు ఉన్ని కోటు? చుట్టూ ఉన్న జనం కూడా మెడకి గుడ్డలు చుట్టుకుని ఉన్నారు. హీరోయిన్ ఒక్కతే పల్చటి బ్లౌజులో చెమటలు కక్కుతోంది.

నాకు తెలిసిపోయింది. చెప్పలేదు. నాలుగేళ్ళలో ఆ మనిషి అలా నవ్వగా నేను చూడలేదు. "సన్నబడలేదు అక్కా" అన్నాను. ఇంతకంటే పాపం నేనెప్పుడూ చేయలేదు.

మూడు రోజుల్లో కనుక్కుంది, ఆ సీరియల్ ఇంకా తీస్తున్నారని. బిల్డింగులో ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది. "తీసుకొచ్చి గుమ్మంలో నిలబెడతా, అప్పుడు చూద్దురుగాని." ఇరవై మూడో రోజు పొద్దున్నే ఇద్దరం కైరో మైక్రోబస్సు ఎక్కాం. సంచిలో నెస్మా కోసం కహ్క్ పెట్టుకుంది. పండగకి వారం ముందే, మొదటి వాయి.

ఊరి మధ్యలో కొంబార్స్ పని కోసం కూర్చునే కాఫీ కొట్టు ఒకటుంది. ఉపవాసం కదా, కాఫీ లేదు, మనుషులు మాత్రం ఉన్నారు. పోలీసు మొహాలవాళ్ళు, బిచ్చగాడి మొహాలవాళ్ళు, ఏ మొహమూ లేనివాళ్ళు. వాళ్ళని లెక్కగట్టి బస్సెక్కించే మేస్త్రీ రయీస్ షహాతా అని ఒక బండమనిషి. ఉమ్ నెస్మా ఇచ్చిన పిల్ల ఫోటోని అందుకుని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"వేలమంది వస్తారు హాజ్జా. రెండు నెలలు ఉంటారు, పోతారు. కొందరు గల్ఫ్ పోతారు, కొందరు పెళ్ళిళ్ళు చేసుకుని పోతారు. మొహాలు గుర్తుండవు నాకు. నల్లబట్టలు ఉన్నాయా లేవా, అదొక్కటే గుర్తు."

"పంతొమ్మిదో ఎపిసోడ్‌లో ఉంది. స్టేషన్లో. అక్కడికి తీసుకెళ్ళు నాయనా, లోపల అడుగుతాను."

"బయటివాళ్ళని రానివ్వరు." మా ఇద్దర్నీ తలనించి కాళ్ళదాకా చూశాడు. ఇద్దరం పాదాలదాకా వేలాడే నల్ల గలాబియాల్లోనే ఉన్నాం. "ఇవాళ శవం లేచే సీనుంది. ఏడ్చే ఆడవాళ్ళు ఎనిమిది మంది తక్కువయ్యారు. ఉపవాసంలో ఎండలో నిలబడమంటే ఒక్కతీ రానంటోంది. ఏడవడం వచ్చా?"

"వచ్చు," అంది ఉమ్ నెస్మా.

బస్సు మమ్మల్ని దించింది ఊరి బయట, షూటింగ్ కోసం అట్టముక్కలతో కట్టిన వీధిలో. బాల్కనీలున్నాయి, వెనక ఇళ్ళు లేవు. మామూలు రోజైతే ఆమె ఆ వీధిని చూసి పది తిట్లు తిట్టేది. ఆ రోజు ఆ వీధి ఆమె కంటికి ఆనలేదు. కనిపించిన ప్రతివాడికీ ఫోటో చూపించింది. మేకప్ వాళ్ళు, లైట్లు మోసేవాళ్ళు, నీడలో పడుకున్న దుప్పటి ముసుగులు. ఒక ముసుగుని తీసి కూడా చూసింది, అతనెవరో ముసలాయన, తిట్టాడు.

చివరికి ఒక అసిస్టెంటు దొరికింది. షెరీన్ అని పాతికేళ్ళ పిల్ల, నిద్రలేక కళ్ళు గుంటలుపడి ఉన్నాయి. ఫోటో చూసింది, స్టేషను సీను అనగానే గుర్తుపట్టింది.

"హాజ్జా, ఆ స్టేషను మేం తీసింది కాదు."

"టీవీలో వచ్చింది తల్లీ. పంతొమ్మిదో ఎపిసోడ్. నా కళ్ళతో చూశాను."

"వచ్చింది. మాకు స్టేషన్లో తీసే టైము లేదు. వేరే సీరియల్లోంచి ఆ ముక్క తీసి అతికించాం. మధ్యలో ఆగిపోయింది ఆ సీరియల్, బయటికే రాలేదు. నాలుగేళ్ళ కిందటిది. చలికాలం."

ఉమ్ నెస్మా మంచి చెవిని ముందుకు పెట్టింది. "ఏంటి?"

షెరీన్ మళ్ళీ చెప్పింది. గట్టిగా చెప్పాల్సొచ్చింది. నాలుగేళ్ళు అన్న మాట ఆ అట్ట వీధిలో అందరికీ వినపడింది.

ఉమ్ నెస్మా నా వైపు తిరిగింది. నా మొహంలో ఏముందో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు మొహాలు చూసి అబద్ధం పట్టిన మనిషి ఆమె. "నీకు తెలుసు," అంది. ప్రశ్న కాదు. "కోటు చూశావు నువ్వు. నువ్వు కోటు చూడకుండా ఎలా ఉంటావు?"

"అక్కా..."

"మాట్లాడకు. పక్కన నిలబడు, మాట్లాడకు."

కొట్టినా బాగుండేది. ఎవరో మమ్మల్ని భుజాలు పట్టి వరసలో నిలబెట్టారు. మొదటి వరసలో అసలు నటీమణులు, రెండో వరసలో మేం. ఎండ వాలుతోంది. పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు ముట్టని జనం అందరికీ ఒకటే ధ్యాస, అజాన్. డైరెక్టరు గొంతు బొంగురుపోయింది. షెరీన్ మా ముందు నడుస్తూ చెప్పింది, "శవం గుమ్మం దాటగానే ఏడుపు. అందరూ శవం వంక చూడాలి. ఒక్కరు కూడా కెమెరా వైపు చూడొద్దు. దయచేసి. రెండోసారి తీసే వెలుతురు లేదు."

శవం లేచింది. దుప్పటి కింద దిండ్లు. ముందు వరస ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు, అచ్చం ఉమ్ నెస్మా తిట్టే పద్ధతిలో, గోళ్ళ రంగు విరిగిపోకుండా. నా పక్కన మాత్రం చప్పుడు లేదు. నేను తల వంచుకుని ఓరగా చూశాను. ఉమ్ నెస్మా ఏడవడం లేదు. తలెత్తింది. నల్ల ముసుగు నుదుటిమీంచి వెనక్కి లాగేసుకుంది, మొహం పూర్తిగా కనపడేట్టు. శవాన్ని వదిలేసి, అందర్నీ వదిలేసి, ఆ కెమెరా అద్దంలోకి సూటిగా చూసింది. చూస్తూనే ఉంది. పెదాలు కదిలాయి. ఏమందో నాకు వినపడలేదు, చుట్టూ ఏడుపులు.

"కట్!"

"రెండో వరసలో ఎవరో చూశారు," అంది షెరీన్ నెమ్మదిగా.

డైరెక్టరు ఆకాశం వంక చూశాడు. దూరంగా ఎక్కడో మసీదులో మైకు గరగరమంది. "ఉండనీ. ఎవడు చూడొచ్చాడు. ఇఫ్తార్!"

అందరికీ ఖర్జూరాలు పంచారు. చచ్చినవాడి భార్య వేషం వేసినావిడ ఉమ్ నెస్మా చేతిలో నీళ్ళగ్లాసు పెట్టింది. ఆమె సంచీ విప్పి కహ్క్ బయటికి తీసింది. రయీస్ షహాతాకి ఒకటి, షెరీన్‌కి రెండు, లైట్లవాళ్ళకి మిగతావి. తిరుగు బస్సులో ఖాళీ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

ఈద్ ముందురోజు సాయంత్రం ముప్ఫయ్యో ఎపిసోడ్. ఏటా చివరి రోజు బిల్డింగంతా ఆమె ఇంట్లోనే చేరుతుంది. ఈసారి కూడా చేరారు, మేం కైరో వెళ్ళిన సంగతి ఎవరికీ తెలియదు. నన్ను పిలవలేదు. నేను వెళ్ళాను, గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఉమ్ నెస్మా కుర్చీ టీవీ ముందు లేదు. తెరకి వీపు పెట్టి, మూలన ఫోను బల్ల పక్కన కూర్చుంది. పాత తీగ ఫోను, నెస్మా పుట్టకముందు నుంచీ అదే నంబరు.

"అదేంటక్కా, చూడవా?" అంది ఉమ్ హానీ.

"చెత్త సీరియల్. మీరు చూడండి."

శవం లేచింది. ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. వాళ్ళ భుజాల మధ్య ఒక ముసలి మొహం తలెత్తి మా వంక చూసింది.

"చూసింది! చూసింది! అదుగో గా..." ఉమ్ హానీ సంబరంగా అరిచి, సగంలో ఆపేసింది.

నేను లెక్కపెట్టాను, నాలుగు సెకన్లు. అప్పుడు కనిపించింది నాకు, ఆ రోజు ఆమె పెదాలు ఏమన్నాయో. "చూశానే" అంది. అంతే. నెస్మా ఎప్పుడో అన్న మాటకి జవాబు.

ఆ మొహం పోయి హీరోయిన్ వచ్చింది. ఎవరూ ఆమెని చూడలేదు, అందరూ మూలన కుర్చీ వంక చూస్తున్నారు. అప్పుడే ఫోను మోగింది.

మొదటి గంట పూర్తి కాకుండానే ఎత్తింది. "నెస్మా?"

తంతా అనే ఊరి నుంచి ఆమె చెల్లెలు. పండగ శుభాకాంక్షలు, టీవీలో కనిపించింది నువ్వేనా అని. పెట్టేసిన వెంటనే మళ్ళీ మోగింది. "నెస్మా?" మిల్లులో పనిచేసిన పాత స్నేహితురాలు. పండగ ముందురోజు సాయంత్రం కదా, ఊళ్ళో ప్రతి ఇంట్లో ఫోను మోగుతూనే ఉంటుంది. మరిది కొడుకు. మందుల షాపాయన భార్య. నెస్మాకి పదో తరగతి చెప్పిన టీచరు. అందరూ చూశారు. చూశాం, చూశాం, నువ్వే కదూ అన్నారు. ప్రతిసారీ ఆమె అదే పేరుతో ఎత్తింది, ప్రతిసారీ "మీకూ పండగ శుభం" అని పెట్టేసింది. ఉమ్ హానీ ఇక వినలేక పిల్లల్ని తీసుకుని పైకి వెళ్ళిపోయింది. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. చివరికి నేనే మిగిలాను. వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. పొమ్మనలేదు.

దీనికి మూడేళ్ళయింది. మా సీరియళ్ళు ఒకసారి వచ్చి పోవు. మధ్యాహ్నాలు ఒక చానల్, తెల్లవారుజామున ఇంకో చానల్, గల్ఫ్‌లో, పడమటనున్న మగ్రిబ్ దేశాల్లో, ఎక్కడో ఒకచోట వేస్తూనే ఉంటారు. ఆ సీరియల్ ఎక్కడ మొదలైనా ఉమ్ నెస్మాకి తెలుస్తుంది. రోజులు లెక్కపెట్టుకుంటుంది, ముప్ఫయ్యో రోజు కుర్చీ ఫోను దగ్గరికి జరుగుతుంది. ఆ పూట నేను కుట్టుమిషను తొక్కను.

మొన్న కొత్తగా అద్దెకి దిగిన కోడలుపిల్ల మెట్ల మీద ఆమెని అడిగింది. "అత్తా, అన్ని సీరియళ్ళూ చూశారట కదా, అన్నిట్లోకీ మంచిది ఏది?"

ఉమ్ నెస్మా దాని పేరు చెప్పింది.

"అదా? అది పరమ చెత్త అని అందరూ అంటారే?"

"చెత్తే," అంది ఉమ్ నెస్మా. "అయినా చూడు తల్లీ. నీకు తెలిసినవాళ్ళందరికీ కూడా చూడమని చెప్పు. చివరి ఎపిసోడ్ మాత్రం మానొద్దను."